వీధి వారగా తోట వేసి సాకే సేవ: మల్లేశ్వరం నుంచి ఒక సమీక్ష

బెంగళూరు పాత పేటల్లో ఇళ్ల ప్రహరీలకూ కాలిబాటకూ నడుమ మిగిలిన మట్టిపట్టీల్లోనూ, ఇళ్ల వెనుక సందుల్లోనూ వీధివాళ్లందరి తరఫున తోట వేసి, ఏడాది పొడవునా దాని బాగోగులు చూసే చిన్న బృందాలు కొన్ని పని చేస్తున్నాయి. మల్లేశ్వరంలోని మా క్రాస్‌రోడ్డు వాళ్లం అలాంటి ఒక బృందంతో ఏడాదికి ఒప్పందం చేసుకున్నాం. ఉద్యానశాస్త్రం చదివిన ఒక అమ్మాయి, ఇద్దరు తోటమాలులు, పని పడినప్పుడు వచ్చే ఒక ప్లంబరు, ఇంతే ఆ బృందం. వారికి దుకాణం లేదు, బోర్డు లేదు. ఒక వీధివాళ్లు మరో వీధివాళ్లకు చెప్పుకోవడం వల్లనే వారికి పని దొరుకుతుంది. ఒప్పందం గడువు ముగిసింది కాబట్టి వారి పనితనం గురించీ, తీసుకున్న డబ్బు గురించీ, కనిపించిన లోపాల గురించీ వివరంగా రాస్తున్నాను. ఎవరితో ఒప్పందం చేసుకున్నా ముందుగా ఏమేం అడగాలో తెలియడానికి ఇది ఇతర వీధులవారికి పనికిరావాలని నా కోరిక.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది మంచి సేవ, మళ్లీ వీరినే పెట్టుకోవాలని వీధిలో ఎక్కువమంది నిర్ణయించారు, నేనూ అందుకు ఒప్పుకున్నాను. వీరి మొక్కలు మిగతావారి మొక్కల కన్నా ఏపుగా పెరిగాయని ఇలా అనడం లేదు. మేము అడిగినవాటిలో చాలావాటికి వీరు కుదరదన్నారు. ఎందుకు కుదరదో ప్రతిసారీ మట్టిని, చెట్టును, నీటిని చూపించి చెప్పారు. అంతకుముందు మా వీధివాళ్లు పెట్టుకున్న మరొక సంస్థ మేము అడిగినదంతా చేసిపెట్టింది. రంగురంగుల పూలకుండీలు వరుసగా పెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్లింది. ఆ ఎండాకాలానికే వాటిలో చాలావరకు మోడయ్యాయి.

మల్లేశ్వరం సంగతి తెలియనివారికి కొంత చెప్పాలి. ఇది పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దంలో వేసిన పేట. 1898లో వచ్చిన ప్లేగు తర్వాత కిక్కిరిసిన పాత ఊరు విడిచి జనం ఇలాంటి కొత్త పేటలకు తరలివచ్చారు. ఇక్కడి పెద్ద రోడ్లలో ఒకదానికి సంపెంగ చెట్ల పేరు, మరొకదానికి వేపచెట్ల పేరు ఉన్నాయి. ఇళ్ల వరుసల వెనుక సన్నని సందులు ఉంటాయి. వాటిని ఇప్పటికీ కన్సర్వెన్సీ లేన్లనే అంటారు. భూగర్భ డ్రైనేజీ రాకముందు మరుగుదొడ్లు శుభ్రం చేసేవారు రావడానికి వేసిన దారులవి. ఆ అవసరం తీరిపోయాక చాలా సందులు చెత్తకూ, పాడైన స్కూటర్లకూ, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకకూ నెలవయ్యాయి. మా సందు కూడా అలాంటిదే. వీధి ముందు వైపు ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు, రెండు కానుగ చెట్లు ఉన్నాయి. తెలుగు ఇళ్లు ఆరేడు ఉన్నాయి, మిగిలినవి కన్నడ, తమిళ కుటుంబాలవి. అందరికీ నీడా పూలూ కావాలి, మా తెలుగువాళ్లకు మాత్రం వాటితో పాటు గోంగూర కూడా కావాలి.

మొదటిసారి వచ్చినప్పుడు బృందం మొక్కల పట్టిక ఏదీ చూపించలేదు. గునపం, ఒక బకెట్టు, ఒక వెనిగరు సీసా తెచ్చారు. కాలిబాట పక్క పట్టీలో అడుగు లోతు తవ్వి, వచ్చినదాన్ని గోనెపట్టా మీద పరిచారు. పైన నాలుగు వేళ్ల మందాన ఎర్రమట్టి, దాని కింద సిమెంటు గడ్డలు, పెంకుముక్కలు, బాత్రూం టైల్సు, నల్లటి పాలిథీన్ సంచులు. సిమెంటు కలిసిన పొడిమట్టి మీద వెనిగరు పోస్తే అది బుసబుసమని నురగలు కక్కింది. తోటమాలుల్లో పెద్దాయన బాగేపల్లి వైపు వారు. అక్కడ ఇంటి భాష తెలుగే. ‘అక్కా, ఇది మన్ను కాదు, గోడ ఇడగ్గొట్టి పూడిసిపెట్టినారు. దీంట్లో కరేపాకు పెడితే ఆకు పచ్చబడేదే లేదు’ అన్నారు. ఆ మాటకు కారణం ఆ అమ్మాయి వివరించింది. సిమెంటులోని సున్నం మట్టి క్షారగుణాన్ని పెంచుతుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అందుకే లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఈ జబ్బున్న కరివేపాకు చెట్టుకు బలం కోసమని యూరియా వేయడం బెంగళూరులో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. దాని వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు, ఇనుము కొరత అలాగే ఉంటుంది.

గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం (జీకేవీకే) ఆవరణలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. బృందం సందులోని మట్టినీ, ముందువైపు మట్టినీ వేరువేరు సంచుల్లో పంపించింది. ఫలితాలు వచ్చాకే ఏ పట్టీలో ఎంత లోతు మట్టి మార్చాలో తేల్చారు. చెట్లకు దూరంగా ఉన్న చోట శిథిలాలు తీసేసి, జల్లించిన మట్టిలో కొత్త ఎర్రమట్టి, కంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి నింపారు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే సూక్ష్మజీవుల పొడిని కూడా వాడారు. నత్రజనిని పట్టుకునేవి, భాస్వరాన్నీ జింకునూ కరిగించి వేళ్లకు అందించేవి ఒకే పొడిలో ఉంటాయి కనుక చిన్న తోటలకు ఇది సౌకర్యంగా ఉంటుంది. నారు మొక్కలు చాలావరకు లాల్‌బాగ్‌లోని నర్సరీమెన్ సహకార సంఘం నుంచి తెచ్చారు. అక్కడ మొక్క పేరు స్పష్టంగా అడిగి, వేరు సంచి తిప్పి చూసి ఎంచుకునే వీలుంది. రోడ్డు పక్క అమ్మేవారి దగ్గర ఆ తీరిక దొరకదు.

మట్టి నింపే పనిలో నాకు ఎంతో నచ్చిన విషయం ఒకటుంది, అది చూడటానికి చాలా చిన్నది. పట్టీలో మట్టిని కాలిబాట అంచుకు రెండు అంగుళాలు దిగువనే ఆపేశారు. మామూలుగా తోటపని చేసేవాళ్లు మట్టిని గుట్టలా పైకి పోస్తారు. కంటికి నిండుగా ఉంటుంది కానీ, మొదటి పెద్దవానకే ఆ ఎర్రమట్టి కాలిబాట మీదికి కొట్టుకొచ్చి, పక్క కాలువ జాలీలో పేరుకుంటుంది. ఆపైన వీధంతా నీళ్లు నిలుస్తాయి. మట్టి దిగువన ఉంటే కాలిబాట మీద పడిన వాన కూడా వాలుకు పట్టీలోకే జారి ఇంకుతుంది. అంచు రాళ్లలో అక్కడక్కడ అరచేతి వెడల్పు ఖాళీలు కూడా వదిలారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన నగరంలో వానలు జోరుగా ఉంటాయి. ఆ నెలల్లో మా వీధి కాలువ ఒక్కసారి కూడా పూడిపోలేదు. పక్క వీధిలో గుట్టగా పోసిన పట్టీల దగ్గర పౌరకార్మికులు పారలతో బురద ఎత్తిపోయవలసి వచ్చింది.

ఇక కుదరదన్న సంగతులు. నిద్రగన్నేరు మాను చుట్టూ గుండ్రంగా ఇటుకల కట్ట కట్టించి, లోపల మట్టి నింపి పూలమొక్కలు పెట్టాలనీ, పెద్దవాళ్లు సాయంత్రాలు కూర్చోవడానికి పనికొస్తుందనీ వీధిలో చాలామంది అడిగారు. బృందం ససేమిరా అన్నది. చెట్టుకు ఆహారం, నీరు అందించే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరలోనే, ఒకటి రెండు అడుగుల లోతులోనే ఉంటాయి. వాటి మీద మరో రెండడుగుల మట్టి పోసి, చుట్టూ సిమెంటు చేస్తే గాలి ఆడక వేళ్లు చచ్చిపోతాయి. మానుకు ఆనుకున్న తడిమట్టి వల్ల బెరడు కుళ్లుతుంది. చెట్టు వెంటనే పడిపోదు, కొన్నేళ్ల తర్వాత గాలివానకు పడుతుంది, అప్పుడు అందరూ గాలివాననే తిట్టుకుంటారు. చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించిందని చెప్పి, మన దగ్గరా అదే కొలత పాటిద్దామన్నారు. కట్ట బదులు మానుకు దూరంగా, ఉన్న ప్రహరీ నీడలో రెండు రాతి బెంచీలు వేయించారు. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది కనుక చెట్టు నరకాలంటే వృక్షాధికారి అనుమతి తప్పదని అందరికీ తెలుసు. కట్ట కట్టి కూడా చెట్టును చంపవచ్చునని తెలిసినవాళ్లు తక్కువ.

నేలను కప్పేలా పచ్చగా పాకే మొక్క కావాలంటే చాలామంది తోటమాలులు వెంటనే వెడీలియా తెచ్చి పరుస్తారు. పసుపు పూలు పూస్తూ వారాల్లో నేల నిండుతుంది. వీరు దాన్ని తెచ్చేది లేదన్నారు. కణుపు కణుపుకూ వేళ్లు తన్నుతూ పక్క పట్టీలోకి, అక్కడి నుంచి కాలువ గట్టుకు పాకి, వేరే మొక్కను బతకనివ్వదు. దాన్ని వదిలించుకోవడం పెంచడం కన్నా పది రెట్లు కష్టం. పచ్చిక పరచమన్నా ఒప్పుకోలేదు. నీడలో పచ్చిక నిలవదు, ఎండలో దానికి పెట్టే నీళ్లతో సందులోని కూరపాదులన్నీ బతుకుతాయి. కాలిబాట మీద కుండీలు పెట్టడానికి కూడా ఒప్పుకోలేదు. నివాస వీధుల్లో కాలిబాట మీద నడిచేవారికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. మా వీధిలో కుండీ పెడితే అంత మిగలదు. చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు కుండీల వల్ల రోడ్డు మీదికి దిగవలసి వస్తే ఆ తోట ఎంత అందంగా ఉన్నా నాకు అక్కర్లేదు. ఈ విషయంలో బృందం పట్టుదలను నేను మనసారా మెచ్చుకుంటున్నాను.

గోంగూర గురించిన వాదన కొంచెం ఎక్కువసేపు నడిచింది. ముందువైపు ఎండ బాగా పడుతుంది, అక్కడే చల్లుదామని మా తెలుగు ఇళ్లవాళ్లం అడిగాం. రోడ్డు అంచున ఆకుకూరలు వద్దని బృందం చెప్పింది. వాహనాల దుమ్ము, టైర్ల పొడి ఆకుల మీద పడతాయి. కుక్కలు, ఉమ్మేవాళ్లు ఉండనే ఉన్నారు. అన్నిటికీ మించి పాత రోడ్ల పక్క మట్టిలో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో పూర్తిగా ఆగిపోయింది కానీ, అంతకుముందు దశాబ్దాల పాటు పడిన సీసం మట్టిలోనే ఉండిపోతుంది, అది కుళ్లిపోయేది కాదు. ఆకుకూరలను, దుంపలను సందు వైపు, మార్చిన మట్టిలో మాత్రమే వేస్తామన్నారు. ఎండ తక్కువైనా పరవాలేదనుకుని మేము ఒప్పుకున్నాం.

అలా ముందువైపు నందివర్ధనం, మందారం, తులసి, కలబంద, అంచుల్లో కుక్కల తాకిడికి తట్టుకునే నిమ్మగడ్డి వచ్చాయి. నూరువరహాలు నాటమని ఒకరు అడిగితే, సున్నం ఉన్న మట్టిలో దానికీ కరివేపాకు గతే పడుతుందని చెప్పి, మట్టి మార్చిన ఒక్క మూలలోనే పెట్టారు. సందులోని నీడపట్టున పసుపు, చేమ, కన్నడిగులు దొడ్డపత్రె అనే వాము ఆకు చక్కగా కుదురుకున్నాయి. గోడ మీదికి తమలపాకు తీగ పాకించారు. సందులో తోటకూరకు అర్క సుగుణ విత్తనం వాడారు, కోసిన కొద్దీ చిగురించే రకం. బచ్చలి, పొన్నగంటి, పందిరి మీద చిక్కుడు, మేలో వానలు పడ్డాక చల్లిన గోంగూర. ఈ గోంగూర ఎండ చాలక మన పల్లెల్లో లాగా గుబురుగా రాలేదు, పులుపు కూడా కొంత తగ్గింది. అయినా ఆదివారం పూట కట్ట కోసి పచ్చడి నూరుకోవడానికి చాలినంత వచ్చింది. తమిళం మాట్లాడే పక్కింటి పెద్దావిడ మా దగ్గర గోంగూర పప్పు నేర్చుకుని, ఇప్పుడు మాకన్నా ముందే వచ్చి కోసుకుంటున్నారు.

నీటి విషయంలో ఈ బృందాన్ని మించినవారిని నేను చూడలేదు. 2024 మార్చిలో బెంగళూరులో నీళ్లకు కటకట వచ్చినప్పుడు, తాగునీటిని తోటలకూ వాహనాలు కడగడానికీ వాడకూడదని జల మండలి నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకునే నగరంలో వీధి తోటకు కుళాయి నీళ్లు వాడటం ఆ ఏడాదే కాదు, ఏ ఏడాదీ సబబు కాదని బృందం మొదటి రోజే చెప్పింది. 60×40 అడుగుల స్థలంలో ఉన్న ఒక ఇంటివాళ్లు తమ మిద్దె మీది వాననీటి గొట్టాన్ని సందులోకి తిప్పడానికి ఒప్పుకున్నారు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు వస్తాయి. బెంగళూరులో ఏడాదికి పడే వాన సుమారు 970 మిల్లీమీటర్లు. ఆ నీళ్లు నీలం డ్రమ్ముల్లో పడతాయి. డ్రమ్ముల మూతల కింద సన్నని వల బిగించారు, కుండీల కింద పళ్లేలు పెట్టనివ్వలేదు. డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నిలవనీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కర్ణాటక ప్రభుత్వం 2024లో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించిన సంగతి గుర్తున్నవారెవరూ ఈ జాగ్రత్తను చాదస్తం అనరు.

ఆర్వో యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని తోటకు పోస్తామని కొందరు ఉత్సాహంగా ముందుకొచ్చారు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఆ వృథా నీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి కనుక, అలాగే పోస్తే కొన్ని నెలలకు మట్టి చెడుతుందని చెప్పి, వాననీటితో కలిపి కలబందకు, నిమ్మగడ్డికి మాత్రమే వాడించారు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మాత్రం ఇంటింటి నుంచి సంతోషంగా తీసుకున్నారు. వీధి వైపు డ్రిప్ పైపులు వేయలేదు. బళ్ల చక్రాల కింద నలుగుతాయి, లేదా ఎవరో లాక్కుపోతారు. వాటి బదులు మట్టికుండలు పాతారు. మెరుగు పెట్టని కుండను మెడ వరకు నేలలో పూడ్చి, నీళ్లు నింపి, పైన మూకుడు బోర్లిస్తారు. కుండ గోడల గుండా నీరు మెల్లగా చెమరుస్తుంది, చుట్టూ అడుగు మేర ఉన్న వేళ్లు దాన్ని వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంటాయి. నేల పైభాగం పొడిగా ఉంటుంది కాబట్టి కలుపు తక్కువ మొలుస్తుంది. మార్చి, ఏప్రిల్ ఎండల్లో మందారాలు వాడకుండా నిలబడ్డాయంటే ఈ కుండల చలవే. కాలం గడిచేకొద్దీ లవణాలు పట్టి సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి వాటిని మార్చుకోవాలని ముందే చెప్పారు.

ఎండుటాకుల పంజరం గురించి ప్రత్యేకంగా రాయాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నిద్రగన్నేరు, కానుగ ఆకు రాల్చినప్పుడు మా వీధిలో కుప్పలు ఊడ్చి నిప్పుపెట్టడం ఏళ్ల తరబడి అలవాటు. ఆ పొగకు ఉబ్బసం ఉన్న పిల్లలు కిటికీలు మూసుకుని కూర్చునేవారు. బృందం నాలుగు వెదురు గుంజలు పాతి, చుట్టూ కోళ్ల వల బిగించి, మనిషి ఛాతీ ఎత్తు పంజరం ఒకటి సందు మొదట్లో నిలబెట్టింది. ఆకులు ఒక పొర వేయడం, పుల్లమజ్జిగ, పేడనీళ్లు చల్లడం, కాళ్లతో తొక్కడం, మళ్లీ పొర వేయడం, ఇంతే పని. నిద్రగన్నేరు ఆకు సన్నగా ఉండటం వల్ల త్వరగా కుళ్లుతుంది. పక్క వీధి నుంచి వచ్చిన మహాగని ఆకు మాత్రం మొండిది, దాన్ని వేరుగా ఉంచి, మొక్కల మొదళ్లలో పరచడానికే వాడారు. వానలు మొదలయ్యేసరికి పంజరం అడుగు తలుపు ఎత్తితే నల్లగా, వానకు తడిసిన అడవి నేల వాసనతో ఆకుఎరువు వచ్చింది. అక్కడక్కడ ఈనెలు ఇంకా కనిపిస్తున్నాయి, వాటిని జల్లించి మళ్లీ పైన వేశారు. వీధి ఊడ్చే పౌరకార్మిక మహిళలు ఇప్పుడు ఆకులను తామే తెచ్చి పంజరంలో వేస్తున్నారు. కుప్ప మోసుకెళ్లే బరువు వారికీ తప్పింది. ఆకుల మంట మా వీధిలో పూర్తిగా ఆగిపోయింది. నన్నడిగితే ఇచ్చిన డబ్బుకు ఈ ఒక్క పనే న్యాయం చేసింది.

పూలు కోసుకుపోవడం గురించి అన్ని వీధులకూ ఒకే ఫిర్యాదు ఉంటుంది. తెల్లవారుజామున నడకకు వచ్చేవారు పూజకని సంచినిండా దూసుకుపోతారు. బోర్డులు పెట్టడం, తిట్టుకోవడం బదులు, వీధి మొదట్లో ఉన్న రెండు నందివర్ధనాలను ఎవరైనా కోసుకోవచ్చని వదిలేసి, ఆ సంగతి తోటమాలి నోటితోనే నడకకు వచ్చేవారికి చెప్పించారు. లోపలి మొక్కల జోలికి రావడం చాలావరకు తగ్గింది. కరివేపాకు కొమ్మలు విరవడం మాత్రం ఇంకా ఆగలేదు.

అనుమతి సంగతి కూడా వారే గుర్తుచేశారు. కాలిబాట పక్క నేల, వెనుక సందు వీధివాళ్ల సొత్తు కావు, నగరపాలక సంస్థవి. తవ్వే ముందు ఎక్కడెక్కడ, ఎంత లోతు, ఏ మొక్కలో గీసిన పటంతో సహా ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నేల కింద విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు ఎటు పోతున్నాయో అడగాలి. 2025 సెప్టెంబరులో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, పాత ఉత్తరాలున్న వీధులవారు ఇప్పుడు తమ పేట ఏ కార్పొరేషన్ కిందికి వస్తుందో చూసుకుని మళ్లీ ఇవ్వడం మంచిది.

ధర సంగతి. మొదట మట్టి, మొక్కలు, కుండలు, డ్రమ్ములు, కూలీ అన్నీ కలిపి వీధి మొత్తానికి 48,000 రూపాయలు తీసుకున్నారు. ఆ తర్వాత ఇంటికి నెలకు 350 రూపాయలు. దానికి వారానికి రెండుసార్లు తోటమాలి రావడం, నెలకొకసారి ఆ అమ్మాయి వచ్చి చూడటం, ఒక ఆదివారం పూట వీధివాళ్లకు పని నేర్పడం లెక్క. పూలకుండీలు అద్దెకు ఇచ్చే సంస్థలతో పోలిస్తే మొదటి ఖర్చు ఎక్కువగానే కనిపిస్తుంది. కానీ అందులో సగానికి పైగా మట్టి కిందికి, కంటికి కనిపించనిచోటికి పోయింది. ఆ మట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. నేర్పడం విషయంలో వారి నిజాయితీ నాకు బాగా నచ్చింది. వేపనూనె లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల చొప్పున, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టడం, కొమ్మ ఎక్కడ కత్తిరిస్తే పక్క చిగురు వస్తుందో చూడటం, ఇవన్నీ దాచుకోకుండా చెప్పారు. మేము నేర్చుకుంటే వారి అవసరం తగ్గుతుందని తెలిసీ నేర్పారు.

లోపాలు లేకపోలేదు. మొదటి బిల్లులో మట్టి, ఎరువు, కూలీ అన్నీ ఒకే మొత్తంగా రాశారు; ఎన్ని తట్టల మట్టి వచ్చిందో, ఏ ఎరువు ఎంత వాడారో అడిగితే నోటితో చెప్పారు తప్ప కాగితం మీద ఇవ్వడానికి చాలా ఆలస్యం చేశారు. ఇరవై ఇళ్ల డబ్బు ఒకరి చేతి మీదుగా పోయేటప్పుడు లెక్క ఇలా ఉండటం సరికాదు, వీధిలో అనవసరమైన అనుమానాలకు తావిచ్చింది. రెండోది ఇంతకన్నా బాధ కలిగించింది. పండుగకు పెద్ద తోటమాలి ఊరికి వెళ్లినప్పుడు పంపిన కొత్త కుర్రవాడికి ఏది మొక్కో, ఏది కలుపో ఎవరూ చెప్పలేదు. అతను పొన్నగంటి పాదు మొత్తాన్ని కలుపనుకుని పీకేశాడు. అతన్ని అనడానికి లేదు, పొన్నగంటి చూడటానికి కలుపులాగే ఉంటుంది. చెప్పి పంపవలసిన బాధ్యత బృందానిది. అదే రోజుల్లో మందారాలకు పిండినల్లి పట్టింది. ఫోను చేస్తే వారం దాకా ఎవరూ రాలేదు. ఆలోగా తెల్లటి దూది లాంటి ముద్దలు చిగుళ్లన్నీ కప్పేసి, సందులోని గోంగూరకూ పాకాయి. రెండు మందారాలను మొదలంటా కత్తిరించవలసి వచ్చింది. తర్వాత ఆ మొక్కలు డబ్బు తీసుకోకుండా కొత్తవి నాటారు, కానీ మొదటివి ఎదిగినంత ఎత్తుకు అవి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది.

ఇంకో చిన్న ఇబ్బంది. పనుల సమాచారమంతా వాట్సాప్ గ్రూపులో కన్నడంలో, ఇంగ్లీషులో వచ్చేది. తోటలో ఎక్కువసేపు గడిపే పెద్దవాళ్లలో చాలామంది ఫోనులో చదవరు. వారపు పనుల పట్టిక ఒకటి సందు గోడ మీద తగిలిస్తే చాలునని రెండుసార్లు అడిగాం, ఒప్పుకున్నారు, తగిలించలేదు.

ఎవరికి ఈ సేవ పనికొస్తుందో చెప్పాలంటే, వీధిలో కనీసం నాలుగైదు ఇళ్లవాళ్లు వారం మధ్యలో కుండలు నింపడానికి, ఆకులు తొక్కడానికి సిద్ధంగా ఉండాలి. డబ్బిచ్చి పూర్తిగా మరిచిపోదామనుకునే వీధులకు ఇది సరిపడదు. బళ్లు బాగా తిరిగే పెద్ద రోడ్లకు, పార్కింగు కోసం రోజూ గొడవపడే వీధులకు కూడా నేను సిఫారసు చేయను. అక్కడ ముందు ఆ పేచీ తేలాలి. పాత చెట్లున్న, సందులున్న మల్లేశ్వరం, బసవనగుడి, జయనగర్ లాంటి పేటల్లో మాత్రం ఇలాంటి బృందాన్ని పెట్టుకోండని మనస్ఫూర్తిగా చెబుతాను. మాట్లాడటానికి వచ్చినప్పుడు మొదటి ప్రశ్నగా, మా వీధిలో మీరు ఏ పని చేయరో చెప్పండి అని అడగండి. దానికి మట్టిని, చెట్టును చూసి జవాబిచ్చేవారితో మాట కొనసాగించండి. ఏదడిగినా చేసిపెడతామనేవారిని పంపించేయండి.

వచ్చే ఏడాది ఒప్పందంలో మూడు షరతులు రాయిస్తున్నాం. ప్రతి బిల్లులోనూ మట్టి, ఎరువు, మొక్కలు, కూలీ వేరువేరుగా ఉండాలి. తోటమాలి సెలవులో ఉంటే, వచ్చే కొత్త మనిషిని ముందురోజే ఆ అమ్మాయి తోట అంతా తిప్పి చూపించాలి. పురుగు పట్టిందని చెప్పిన రెండు రోజుల్లో ఎవరో ఒకరు రావాలి. వారు ఈ షరతులకు ఒప్పుకున్నారు, నెలసరి రుసుము ఇంటికి 30 రూపాయలు పెంచమని అడిగారు. మా వీధివాళ్లం అందుకు సమ్మతించాం.